గ్రీకు శిల్పి ఒంటిని ఉన్నదున్నట్టు చెక్కలేదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ప్రాచీన గ్రీకు శిల్పాల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయానికి రెండు పేజీలు కేటాయించడం సంతోషం. అయితే వ్యాసమంతా ఒకే మాట చుట్టూ తిరిగింది: గ్రీకులు మనిషి శరీరాన్ని ఉన్నదున్నట్టు చెక్కారు, అందుకే ఆ బొమ్మలు ప్రాణం ఉన్నట్టు కనిపిస్తాయి అని. ప్రాణం ఉన్నట్టు కనిపిస్తాయన్నది నిజమే. ఉన్నదున్నట్టు చెక్కారన్నది మాత్రం నిజం కాదు. ఉత్తరం కాస్త పొడవవుతుంది, మన్నించాలి.

చిన్న విషయం ముందే తేల్చేస్తాను. శవాలను కోసి చూసి కండరాల అమరిక నేర్చుకున్నారని వ్యాసకర్త రాశారు. గ్రీకు ప్రపంచంలో మనిషి శవాన్ని పద్ధతిగా కోసి పరిశీలించిన తొలి వైద్యులు హెరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్. అది అలెగ్జాండ్రియాలో, క్రీ.పూ. 3వ శతాబ్దం తొలి దశకాల్లో. వ్యాసంలో ఫొటో వేసిన డోరిఫోరోస్, అంటే బల్లెం పట్టినవాడు, అప్పటికి నూటయాభై ఏళ్ల పాతది. శిల్పులు చూసినవి బతికున్న ఒళ్లు, అదీ చర్మం పైనుంచి. వ్యాయామశాలల్లో మగవాళ్లు బట్టల్లేకుండా కసరత్తు చేసేవారు కాబట్టి చూడటానికి కొదవ లేదు. చర్మం మీద ఏ ఉబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వాళ్లకు బాగా తెలుసు. దాని కింద ఏ కండరం ఏ ఎముకకు అతుక్కుందో తెలియాల్సిన అవసరం రాలేదు.

ఇక అసలు సంగతి. ఆ బొమ్మలకు ప్రాణం వచ్చింది కండరాల వల్ల కాదు, బరువు వల్ల. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో క్రీ.పూ. 590–580 నాటి కూరోస్ ఒకటి ఉంది. నిలబడి ఉన్న నగ్న యువకుడి విగ్రహాన్ని కూరోస్ అంటారు. సమాధుల మీదా, ఆలయాల ఆవరణల్లోనూ వీటిని నిలిపేవారు. ఎత్తు 1.95 మీటర్లకు ఒక పిసరు తక్కువ. ఎడమ కాలు ముందుకుంది, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాయి, పిడికిళ్లు తొడలను అంటుకుని ఉన్నాయి. అడుగైతే ముందుకు పడింది గానీ తుంటికి ఆ కబురు అందలేదు. మనిషి అడుగు వేస్తే కటి కొంచెం తిరుగుతుంది, కొంచెం ఒరుగుతుంది. ఇక్కడ అది బల్లపరుపుగా ఉంది. మోకాలిచిప్ప, పక్కటెముకల అంచు, వీపు మీది ఎముకలు రాతి మీద గీసిన గీతల్లా ఉన్నాయి తప్ప లోపలి నుంచి ఉబికినట్టు లేవు.

దీనికి కారణం చేతకానితనం కాదు, పని పద్ధతి. దీర్ఘచతురస్రపు పాలరాతి దిమ్మకు ముందు, వెనుక, రెండు పక్కల బొమ్మ గీసుకుని, నాలుగు వైపుల నుంచీ లోపలికి చెక్కుకుంటూ పోయేవారు. ఇలా చేస్తే ఏ వైపు నుంచి చూసినా ఆ వైపు బొమ్మ సరిగ్గానే వస్తుంది. తుంటిని ఒక వైపుకు వంచి, కొంచెం తిప్పారనుకోండి. ముందు గీసిన గీతా, పక్కన గీసిన గీతా మూల దగ్గర కలవవు. నాలుగు బొమ్మలను కలిపితే ఒక ఒళ్లు అవుతుందన్న పద్ధతిలో మెలికకు చోటు లేదు. ఈజిప్టు శిల్పులదీ ఇదే దారి. ఆ కాలానికి వాళ్లు అరికాలి నుంచి కంటి పైరెప్ప దాకా 21 గడుల వల గీసి కొలతలు వేసేవారు. న్యూయార్క్ కూరోస్ కొలతలు ఆ వలకు బాగా దగ్గరగా ఉన్నాయని పరిశోధకులు కొలిచి చూపారు. గ్రీకులు చేసిన మార్పులు మూడు. వీపు వెనుక ఆనించే రాతి స్తంభం తీసేశారు, నడుముకు గుడ్డ తీసేశారు, చేతులకూ నడుముకూ మధ్య ఉన్న రాయిని తొలిచి గాలి ఆడనిచ్చారు. అప్పటి నుంచి బొమ్మ బరువంతా రెండు చీలమండల మీద పడింది.

క్రీ.పూ. 530 ప్రాంతపు అనావిసోస్ కూరోస్ ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. తొడలు, పిరుదులు, పిక్కలు నిండుగా ఉబికాయి, గీతల చోట గుండ్రటి కండ వచ్చింది. కండ వచ్చినా బరువు రాలేదు. భంగిమ అదే, తుంటి అదే బల్లపరుపు. కండరాలు బాగా చెక్కితే బొమ్మ సజీవమైపోతుందన్న వ్యాసకర్త వాదనకు ఈ ఒక్క విగ్రహమే జవాబు. మిగతా అన్నీ సరిపోయినా అది నిలబడి లేదు, నిలబెట్టి ఉంది.

మార్పు క్రీ.పూ. 480 ప్రాంతంలో కనిపిస్తుంది. ఏథెన్స్ అక్రోపోలిస్ మ్యూజియంలో క్రిటియోస్ కుర్రాడు అని పిలిచే పాలరాతి విగ్రహం ఉంది. పాదాలు పోయాయి, మిగిలిన ఎత్తు 1.17 మీటర్లు. బరువు ఎడమ కాలి మీద ఉంది, కుడి మోకాలు కొంచెం వంగి ముందుకొచ్చింది. దానివల్ల ఎడమ తుంటి కాస్త పైకి లేచింది, కుడి తుంటి కాస్త జారింది, తల కొద్దిగా కుడికి తిరిగింది. అంతే. భుజాలు ఇంకా దాదాపు సమంగానే ఉన్నాయి, అంటే నడుము కింద జరిగిన సంగతి నడుము పైకి పూర్తిగా చేరలేదు. అయినా దాని ముందు నిలబడితే ఇది కూరోస్ కాదని క్షణంలో తెలుస్తుంది.

నడుము పైకీ చేర్చినవాడు ఆర్గోస్‌కు చెందిన శిల్పి పాలిక్లీటోస్. డోరిఫోరోస్ అతను క్రీ.పూ. 440 ప్రాంతంలో కంచుతో పోతపోసిన విగ్రహం. అసలుది పోయింది. మనకు మిగిలినవి రోమన్ కాలపు పాలరాతి నకళ్లు. వాటిలో నిండుగా ఉన్నది పాంపేలో దొరికి ఇప్పుడు నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది, ఎత్తు 2.12 మీటర్లు. బరువు మొత్తం కుడి కాలి మీద ఉంది. ఎడమ కాలు వెనక్కి జరిగి వేళ్ల మీద మాత్రమే ఆనింది, మడమ పైకి లేచింది. కుడి తుంటి పైకి, ఎడమ తుంటి కిందికి. దానికి ఎదురుగా కుడి భుజం కిందికి, ఎడమ భుజం పైకి. కుడి వైపు నడుము ముడుచుకుంది, ఎడమ వైపు సాగింది. బరువు మోసే కుడి కాలి పైన పనిలేని కుడి చెయ్యి వేలాడుతోంది. పనిలేని ఎడమ కాలి పైన ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంగి బల్లెం మోస్తోంది. తల కుడికి తిరిగింది. ఒంట్లో ఏ ముక్కను పట్టుకున్నా దానికి జవాబు చెప్పే ముక్క అడ్డంగా ఎదురు మూలన ఉంటుంది.

పాఠకులు దీన్ని ఫొటో మీదే సరిచూసుకోవచ్చు. ఎదురుగా తీసిన ఫొటో కావాలి. గొంతు కింద, రెండు కాలర్ ఎముకల మధ్య ఉన్న గుంట నుంచి నిట్టనిలువుగా ఒక గీత గీయండి. బరువంతా ఒక కాలి మీదే ఉంటే ఆ గీత ఆ కాలి చీలమండ దగ్గరకు దిగుతుంది. రెండు కాళ్ల మధ్యకు దిగితే బరువును రెండు కాళ్లూ పంచుకున్నట్టు. తర్వాత రెండు చనుమొనలను కలుపుతూ ఒక గీత, తుంటి ఎముకల ముందు కొసలను కలుపుతూ మరో గీత గీయండి. రెండూ బరువు మోసే వైపున దగ్గరవుతాయి, రెండో వైపున దూరమవుతాయి. కూరోస్ మీద గీస్తే అవి ఎక్కడా కలవవు. బొమ్మ గీయడం నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాట్లు రెండూ ఇక్కడే బయటపడతాయి. ఒకటి, మోకాలు వంచి తుంటిని మాత్రం సమంగా ఉంచేయడం. అప్పుడు వంగిన కాలు తెచ్చి అతికించినట్టు ఉంటుంది. రెండోది, తుంటినీ భుజాలనూ ఒకే వైపుకు వంచడం. అప్పుడు మనిషి పడిపోతున్నట్టు ఉంటాడు.

ఇప్పుడు ఉన్నదున్నట్టు అన్న మాట సంగతి చూద్దాం. డోరిఫోరోస్ నడుము దగ్గరికి రండి. తుంటి ఎముక మీద నుంచి మొదలై గజ్జల మీదుగా దిగే కండ ఒక లావాటి మడతలా చుట్టుకుని ఉంటుంది, కింద లోతైన గాడి. ఎంత కసరత్తు చేసిన ఒంట్లోనైనా ఆ మడత అంత లావుగా, అంత స్పష్టంగా ఉండటం అరుదు. ముందు గజ్జల దగ్గర కొద్దిగా కనిపించే గీతను గ్రీకు శిల్పులు పక్కలకు సాగదీసి, కాళ్లకూ మొండేనికీ మధ్య సరిహద్దు చేసుకున్నారు. దాంతో తుంటి ఏ వైపుకు ఒరిగిందో చాలా దూరం నుంచే తెలిసిపోతుంది. పక్కటెముకల కింది అంచు కూడా అంతే. చాలామంది ఒంట్లో అది తలకిందుల వి ఆకారపు కోణంలా ఉంటుంది, ఇక్కడ వెడల్పాటి అర్ధవృత్తం. ఛాతీ రెండు పలకల్లా, కడుపు గళ్ల వరుసల్లా విడివిడిగా కనిపిస్తాయి. ముఖం పక్క నుంచి చూస్తే నుదురూ ముక్కూ దాదాపు ఒకే గీత. ఇటలీలోని రియాచే దగ్గర సముద్రంలో 1972లో దొరికిన రెండు కంచు యోధుల వీపులు చూడండి. వెన్నెముక గాడి బతికున్న ఏ మనిషి వీపు మీదా అంత లోతుగా సాగదు. ముందు వైపు ఛాతీని నిలువునా రెండు చేసే గీతకు జోడీ కావాలి కాబట్టి వెనుక ఆ లోతు వచ్చింది. ఇవి తప్పులు కావు, చూసేవాడి కంటికి దారి చూపించే గుర్తులు. సగటు చూపుకు ఇదంతా సహజంగానే అనిపిస్తుంది, దానికి మెచ్చుకోవాలి.

కొలతల గురించి వ్యాసంలో ఒకే వాక్యం ఉంది, అందులోనూ తల ఒంట్లో ఎనిమిదో వంతు అని రాశారు. పాలిక్లీటోస్‌కు అది వర్తించదు. డోరిఫోరోస్‌లో తల సుమారు ఏడో వంతు. ఎనిమిదో వంతు అన్నది అతని తర్వాత వంద ఏళ్లకు వచ్చిన లిసిప్పోస్ అన్న శిల్పి లెక్క. తలను చిన్నది చేసి, ఒంటిని సన్నబరిచి మనిషి పొడవుగా కనిపించేలా చేశాడని రోమన్ రచయిత ప్లినీ లిసిప్పోస్ గురించి రాశాడు. వాటికన్‌లో ఉన్న అపోక్సియోమెనోస్, అంటే ఒంటి మీది నూనె, ధూళి గీక్కుంటున్న క్రీడాకారుడు, అతని విగ్రహానికి నకలు. 2.05 మీటర్ల ఎత్తున్న ఆ బొమ్మ డోరిఫోరోస్ కన్నా పొట్టిది, అయినా పొడవైన మనిషిలా అనిపిస్తుంది. ఒక చెయ్యి నేరుగా మన వైపు చాచి ఉంటుంది. ఎదురు ఫొటోలో ఆ చెయ్యి మొద్దులా కుంచించుకుపోతుంది, పక్కకు నడిస్తే గానీ దాని పొడవు తెలియదు. చుట్టూ తిరిగి చూడక తప్పని శిల్పం అక్కడే బలపడింది.

పాలిక్లీటోస్ తన కొలతలను కానన్ అన్న గ్రంథంగా రాశాడు. అది దొరకలేదు. దాన్నుంచి గేలెన్ అన్న వైద్యుడు, క్రీ.శ. 2వ శతాబ్దంలో, ఒక ముక్క చెప్పాడు: అందం అన్నది వేలికీ వేలికీ, వేళ్లన్నిటికీ అరచేతికీ మణికట్టుకూ, వాటికీ ముంజేతికీ, ముంజేతికీ పైచేతికీ ఉన్న పొందికలో ఉంటుందట. అంటే తలను కొలతగా పెట్టుకుని దాన్ని ఎనిమిది సార్లు పేర్చడం కాదు. చిన్న భాగం నుంచి పెద్ద భాగానికి ఒకే నిష్పత్తితో ఎక్కుతూ పోవడం. ఆ నిష్పత్తి ఎంత అన్నదాని మీద చాలా ప్రతిపాదనలు వచ్చాయి. 1975లో రిచర్డ్ టోబిన్ చిటికెనవేలి చివరి కణుపుతో మొదలుపెట్టి, ప్రతి మెట్టులోనూ చతురస్రపు భుజానికీ కర్ణానికీ ఉండే నిష్పత్తిని, అంటే 1కి 1.414ను, వాడి చూపించాడు. నచ్చినవాళ్లూ ఉన్నారు, నచ్చనివాళ్లూ ఉన్నారు. మనకున్నవి నకళ్లు కాబట్టి మిల్లీమీటర్ల దాకా పట్టుబట్టడం నాకైతే అనవసరం అనిపిస్తుంది. తలను కొలిచేవాళ్లకు మాత్రం ఒక జాగ్రత్త: గడ్డం కొస నుంచి నడినెత్తి దాకా కొలవాలి. కిందినుంచి తీసిన ఫొటోలో తల అసలు కన్నా చిన్నదిగా వస్తుంది. ఏడో వంతును ఎనిమిదో వంతు అనుకోవడం చాలాసార్లు అలాగే జరుగుతుంది.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది చెట్టు మొద్దు వాక్యం. డోరిఫోరోస్ కుడి కాలి వెనుక ఉన్న చెట్టు మొద్దు ప్రకృతికీ మనిషికీ ఉన్న బంధానికి గుర్తు అని ఫొటో కింద రాశారు. అసలు కంచు విగ్రహంలో ఆ మొద్దు లేనే లేదు. పాలరాయి నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడునూ వంపునూ తట్టుకోలేదు. చిన్న లెక్క వేద్దాం. మామూలు మనిషి ఒళ్లు సుమారు 70 లీటర్ల పరిమాణం. 2.12 మీటర్లకు పెంచితే అది 130 లీటర్ల దాకా పోతుంది. లీటరు పాలరాయి 2.7 కిలోలు. అంటే ఇంచుమించు 350 కిలోలు, దాదాపు అంతా ఒక్క కుడి చీలమండ మీద. రవాణాలో ఒక కుదుపు చాలు, విరగడానికి. అందుకే నకలు చెక్కినవాడు కాలికి మొద్దును ఆనించాడు, వేలాడే కుడి చెయ్యి విరగకుండా మణికట్టుకూ తొడకూ మధ్య ఒక రాతి పుల్లను వదిలాడు. అదే బొమ్మను 5 మిల్లీమీటర్ల మందాన బోలు కంచుతో పోస్తే సుమారు 120 కిలోలే. పాదాల కింద కూసాలు దించి, రాతి పీఠం గుంటల్లో సీసం పోసి బిగిస్తే ఒంటికాలి మీద హాయిగా నిలుస్తుంది. మడమ ఎత్తడం, చెయ్యి గాల్లోకి చాచడం కంచు ఇచ్చిన ధైర్యం.

ఆ కంచు పని ఎలా సాగేదో వ్యాసంలో లేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ముందు మట్టితో పూర్తి బొమ్మ చేస్తారు. పని మట్టి గోటి దగ్గరకు వచ్చినప్పుడే అన్నిటికన్నా కష్టం అని పాలిక్లీటోస్ అన్నట్టు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఆ మట్టిబొమ్మ మీద ముక్కలు ముక్కలుగా అచ్చులు తీస్తారు. అచ్చుల లోపలి వైపు కరిగిన మైనాన్ని కొన్ని మిల్లీమీటర్ల మందాన పట్టిస్తారు. లోపల మట్టి గుజ్జు నింపుతారు. అచ్చు విప్పితే మైనపు బొమ్మ బయటపడుతుంది. వెంట్రుకల పాయలు, గోళ్ల అంచులు ఈ దశలో మైనం మీదే దిద్దుతారు. తర్వాత లోహపు సూదులను మైనంలోంచి గుజ్జులోకి గుచ్చుతారు. ఇవి లేకపోతే మైనం కరిగిపోయాక లోపలి గుజ్జు కదిలిపోతుంది, కంచు ఒక వైపు మందంగా, ఇంకో వైపు కాగితంలా పలుచగా వస్తుంది. కంచు పోసే దారులు, గాలి పోయే దారులు మైనపు పుల్లలతో అమర్చి, పైన మళ్లీ మట్టి కప్పి కాలుస్తారు. మైనం కరిగి బయటకు పోతుంది. ఈ కాల్పు సరిగ్గా సాగకపోతే గుజ్జులో తేమ మిగులుతుంది. వెయ్యి డిగ్రీలు దాటిన కంచు ఆ తేమను తాకగానే ఆవిరి ఎగదన్నుతుంది, పోత బుడగలు బుడగలుగా పాడవుతుంది, ఒక్కోసారి అచ్చే పగులుతుంది.

కంచులో సాధారణంగా పదింట తొమ్మిది వంతులు రాగి, ఒక వంతు తగరం. తల, మొండెం, చేతులు, కాళ్లు విడిగా పోసి, అతుకుల దగ్గర మళ్లీ కరిగిన కంచు పోసి కలిపేవారు. బుడగల చోట చతురస్రంగా గాడి తీసి, అంతే కొలతకు కోసిన కంచు బిళ్లను దిగ్గొట్టి నున్నగా రుద్దేవారు. ప్రసిద్ధమైన విగ్రహాల మీద కూడా దగ్గరగా చూస్తే ఈ బిళ్లలు కనిపిస్తాయి. బెర్లిన్‌లో ఉన్న ఒక మట్టి పానపాత్ర మీద, క్రీ.పూ. 490–480 నాటిది, ఈ కొలిమి బొమ్మే ఉంది: కొలిమి దగ్గర ఒకడు కూర్చుని ఉన్నాడు, తల ఇంకా అతకని విగ్రహం ఒకటి నేల మీద పడుకుని ఉంది, ఇంకో పెద్ద విగ్రహాన్ని ఇద్దరు గీకి నున్న చేస్తున్నారు.

పోత అయ్యాకే ఒంటికి రంగు వచ్చేది. రియాచే యోధుల పెదవులు, చనుమొనలు ఎర్ర రాగి, ఒకడి పళ్లు వెండి. కళ్లు విడిగా చేసి గుంటల్లో అమర్చినవి. రోమ్‌లో 1885లో దొరికిన కంచు ముష్టియోధుడు అలసిపోయి కూర్చుని ఉంటాడు. ముఖం మీది గాయాలకు, చేతి మీదా తొడ మీదా చిందిన నెత్తుటి చుక్కలకు రాగిని పొదిగారు. కుడి కన్ను కింది కమిలిన చోట కంచు మిశ్రమాన్నే మార్చి ముదురు రంగు తెప్పించారు. చెవులు దెబ్బలకు ఉబ్బి ముద్దలైపోయాయి. పరిపూర్ణ దేహాన్ని తప్ప గ్రీకులు వేరేది చెక్కలేదన్న వాక్యాన్ని వ్యాసకర్త ఈ బొమ్మ ముందు నిలబడి రాసి ఉండరు. పాలిక్లీటోస్ తర్వాతి శతాబ్దాల్లో ముసలివాళ్లు, తాగినవాళ్లు, చావుకు దగ్గరైన శత్రువు సైతం శిల్పానికి వస్తువులయ్యారు.

పాలరాతి తెల్లదనం మీద పేరా మొత్తం తీసేయవచ్చు. జుట్టు, కళ్లు, పెదవులు, బట్టల అంచులు రంగు వేసినవే. పాలరాతి పనుల్లో తనకు బాగా నచ్చేవి నికియాస్ అన్న చిత్రకారుడు రంగు అద్దినవని శిల్పి ప్రాక్సిటెలీస్ చెప్పినట్టు ప్లినీ రాశాడు. చర్మానికి రంగు ఎంత వేసేవారు, మైనం పూత ఎంత అన్నది విగ్రహాన్ని బట్టి మారుతుంది, పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. రంగు వేశారా లేదా అన్నదాని మీద వాదన లేదు. ఈజిప్షియన్ నీలం అన్న రంగు మీద మామూలు వెలుగు పడితే అది పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. పరారుణ కెమెరాతో చూస్తే కంటికి కనిపించని కణాలు కూడా మెరుస్తాయి. ఏథెన్స్‌లోని పార్థెనాన్ ఆలయపు ఐరిస్ దేవత విగ్రహం నడికట్టు మీద బ్రిటిష్ మ్యూజియంలో అలాగే నీలం బయటపడింది. అదే మ్యూజియంలో 1937–38లో పార్థెనాన్ శిల్పాలను తెల్లగా చేద్దామని రాగి పనిముట్లతో గీకి, పై పొరను పోగొట్టారు. తెల్లదనం మీద మోజుకు అయిన ఖర్చు అది.

ఆడవాళ్ల ఒంటి గురించి వ్యాసం ఒక్క ముక్కా రాయలేదు. నిలువెత్తు నగ్న స్త్రీ విగ్రహం క్రీ.పూ. 4వ శతాబ్దంలో ప్రాక్సిటెలీస్ చెక్కిన క్నిడోస్ అఫ్రొడైటీ, అంటే క్నిడోస్ ఊరి ప్రేమదేవత, వచ్చేదాకా గ్రీకు శిల్పంలో చోటు సంపాదించలేదు. అతను రెండు చేశాడనీ, కోస్ ద్వీపం వాళ్లు బట్టలున్నది కొన్నారనీ, వాళ్లు వద్దన్న నగ్న విగ్రహాన్ని క్నిడోస్ వాళ్లు తీసుకున్నారనీ, తర్వాత ఒక రాజు ఊరి అప్పంతా తీరుస్తానన్నా దాన్ని అమ్మలేదనీ ప్లినీ కథనం. అంతకుముందు శిల్పులు స్త్రీ దేహాన్ని గుడ్డ ద్వారానే చెప్పారు. పార్థెనాన్ తూర్పు వైపు, పైకప్పు కింది త్రికోణంలోని దేవతలను, క్రీ.పూ. 438–432 నాటివి, దగ్గరగా చూస్తే కిటుకు తెలుస్తుంది. రొమ్ము మీదా, తొడ మీదా, మోకాలి మీదా గుడ్డ తడిసినట్టు ఒంటికి అంటుకుని, మడతలు సన్నటి గీతలుగా మాత్రమే ఉంటాయి. ఒళ్లు లోపలికి తగ్గే చోట, తొడల మధ్యా, పక్కలకూ, మడతలు ఒక్కసారిగా లోతవుతాయి. ఆ లోతుల్లో పడే నీడే పక్కన ఉబ్బుగా ఉన్న భాగాన్ని ముందుకు తోస్తుంది. అందుకు బర్మాతో, అంటే తొలిచే పనిముట్టుతో, వరుసగా బెజ్జాలు వేసి, మధ్య రాతిని ఉలితో తీసేసేవారు. బెజ్జం ఒక వేలు లోతు ఎక్కువైతే పైనున్న పలుచటి మడత ఊడిపోతుంది. ఒకసారి పోయిన రాయి తిరిగి రాదు.

నకళ్ల సంగతి కూడా పాఠకులకు చెప్పాలి. రోమన్ కాలపు శిల్పులు కంచు అసలుల మీద జిప్సం అచ్చులు తీసి, వాటి కొలతలు రాతికి ఎక్కించేవారు. ఇటలీలోని బాయె దగ్గర 1954లో అలాంటి జిప్సం అచ్చుల ముక్కలు రాశులుగా దొరికాయి. కాబట్టి కొలతలను చాలావరకు నమ్మవచ్చు. నమ్మకూడనివి తర్వాతి శతాబ్దాల్లో అతికించిన ముక్కలు. మైరాన్ అన్న శిల్పి చేసిన డిస్క్ విసిరేవాడికి రెండు ప్రసిద్ధ నకళ్లున్నాయి. రోమ్‌లో ఉన్నదాంట్లో తల వెనక్కి తిరిగి డిస్క్ వైపు చూస్తుంది, అదే సరైనది. టివోలీలో 1791లో దొరికి బ్రిటిష్ మ్యూజియంకు చేరినదానికి బాగుచేసినవాళ్లు తలను నేల వైపు చూసేట్టు పెట్టారు. మెడ వంపు మారితే వెన్ను మెలిక అంతా అబద్ధంగా కనిపిస్తుంది. మీ వ్యాసంలో కండరాల బిగువును వర్ణించడానికి ఎంచుకున్నది సరిగ్గా ఈ రెండో బొమ్మే.

చివరిగా ఒక మనవి. ఇలాంటి వ్యాసాలు మళ్లీ వేస్తే ప్రతి ఫొటో కిందా నాలుగు వివరాలు ఉండేలా చూడండి: అసలా నకలా, రాయా కంచా, ఎత్తెంత, ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉంది. వీలైతే ఎదురు ఫొటో పక్కన చిన్నగా వీపు వైపు ఫొటో ఒకటి వేయండి, బరువు ఎటు పడిందో అక్కడ ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. ఇంకొకటి, డోరిఫోరోస్ ఫొటో కుడిఎడమలు తారుమారై అచ్చయింది. బల్లెం పట్టే చెయ్యి కుడిదిగా, చెట్టు మొద్దు ఎడమ కాలి వెనుక కనిపిస్తున్నాయి. పైన చెప్పిన గీతలు ఆ ఫొటో మీద గీసిన పాఠకులకు అన్నీ ఎదురుగా వస్తాయి. వచ్చే సంచికలో సరిచేసిన ఫొటో వేయగలరు.

ఇట్లు,
శిల్పకళ బోధించే ఒక పాఠకుడు